కువైట్ ఎంబసీకి రాసిన అర్జీ: పరదేశంలో మన రాయబార కార్యాలయం ఏం చేయగలదు, ఏం చేయలేదు

కడప కలెక్టరేట్ దగ్గర సోమవారం పొద్దున చెట్టు కింద అర్జీలు రాసిపెట్టేవారి ముందు కూర్చున్న ఒకాయన చేతిలోని కాగితాన్ని ఆ మధ్య దగ్గర నుంచి చూశాను. ఆయనది లక్కిరెడ్డిపల్లె వైపు పల్లె. భార్య కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరి రెండేళ్లు కావస్తోంది. ఆరు నెలలుగా జీతం ఇవ్వలేదని, అడిగితే ఫోను కూడా లాక్కున్నారని పక్క ఇంట్లో పనిచేసే మనిషి ద్వారా కబురు వచ్చింది. కాగితం పైన "గౌరవనీయులైన కువైట్ ఎంబసీ వారికి, న్యూఢిల్లీ" అనీ, కింద "తమరు నా భార్యను సదరు ఇంటి నుంచి విడిపించి వెంటనే ఇండియాకు పంపించవలసిందిగా ప్రార్థన" అనీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

రాసిన మనిషిని తప్పుపట్టడానికి లేదు గానీ, ఆ కొద్ది మాటల్లో రెండు చిక్కులున్నాయి. ఢిల్లీలోని కువైట్ ఎంబసీ కువైట్ ప్రభుత్వానిది. ఆమె బాగోగులు కనుక్కోవలసింది కువైట్ నగరంలో ఉన్న మన భారత రాయబార కార్యాలయం. ఈ చిక్కు విలాసం మారిస్తే తీరిపోతుంది. రెండోది అంత తేలిక కాదు. అర్జీ సరైన చోటికి చేరినా, ఆ కార్యాలయానికి ఒక కువైటీ ఇంటి తలుపు తెరిపించి మనిషిని "విడిపించే" అధికారం లేదు. రాయచోటి, రాజంపేట, కోడూరు, చిట్వేలి ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లడం మొదలై దశాబ్దాలు గడిచినా, ఏడుస్తూ మాట్లాడే వీడియో ఒకటి వాట్సాప్‌లో తిరిగిన ప్రతిసారీ "మన ఎంబసీ ఏం చేస్తోంది?" అనే ప్రశ్న మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. దానికి జవాబు వెతకాలంటే ఎంబసీ అనేది అసలు ఏమిటో, దాని చేతికి ఏ మేరకు సత్తువ ఇచ్చారో చూడాలి.

ఎంబసీ, హైకమిషన్, కాన్సులేట్: పేర్ల వెనకున్న తేడా

ఒక దేశం మరొక దేశపు రాజధానిలో తన తరఫున శాశ్వతంగా నిలిపే కార్యాలయమే ఎంబసీ, అంటే రాయబార కార్యాలయం. దాని అధిపతి రాయబారి. రాయబారిని మనం ఎంచుకున్నా, ఆ పేరును ముందుగా అవతలి దేశానికి తెలిపి సమ్మతి తీసుకోవాలి. వారు వద్దంటే కారణం చెప్పవలసిన పని కూడా లేదు. సమ్మతి వచ్చాక మన రాష్ట్రపతి ఇచ్చిన నియామక పత్రాన్ని రాయబారి ఆ దేశాధినేతకు స్వయంగా అందజేస్తారు. రాయబారి లేని సమయంలో తాత్కాలికంగా బాధ్యత చూసే అధికారిని ఛార్జ్ డి అఫైర్స్ అంటారు. 2019 ఆగస్టు తర్వాత భారత్, పాకిస్థాన్ పరస్పరం ఆ స్థాయి అధికారులతోనే నెట్టుకొస్తున్నాయి. అంటే అధిపతి హోదా కూడా దేశాల మధ్య మనస్పర్థకు కొలబద్ద అవుతుంది.

కామన్‌వెల్త్ దేశాలు ఒకదానికొకటి పంపుకునే కార్యాలయానికి హైకమిషన్ అని పేరు. అందుకే లండన్‌లోనూ కాన్‌బెరాలోనూ మనకున్నది హైకమిషన్. పేరే తేడా, పని ఒకటే. కాన్సులేట్ మాత్రం నిజంగా వేరు. అది రాజధాని కాని పెద్ద నగరాల్లో ఉండి, పాస్‌పోర్టులు, వీసాలు, ధ్రువపత్రాలు, ఆపదలో ఉన్న పౌరుల వ్యవహారాలు చూస్తుంది; ప్రభుత్వంతో ప్రభుత్వం మాట్లాడే రాజకీయ వ్యవహారం ప్రధానంగా ఎంబసీది. సౌదీలో మన ఎంబసీ రియాద్‌లో, కాన్సులేట్ జెడ్డాలో ఉన్నాయి. యూఏఈలో ఎంబసీ అబుధాబిలో, కాన్సులేట్ దుబాయ్‌లో ఉన్నాయి. కాబట్టి దుబాయ్‌లో చిక్కుకున్న అనంతపురం మనిషి అబుధాబి దాకా వెళ్లనక్కర్లేదు. కువైట్ చిన్న దేశం కావడంతో అక్కడ ప్రత్యేక కాన్సులేట్ లేదు. నగరంలోని దయ్యా ప్రాంతంలో, పలు విదేశీ ఎంబసీలు కొలువైన ఆవరణలో ఉన్న ఒకే కార్యాలయం రెండు పనులూ చేస్తుంది. దాదాపు పది లక్షల మంది భారతీయులకు అదొక్కటే గడప.

వియన్నాలో రాసుకున్న కట్టుబాట్లు

ఎంబసీల హక్కులూ హద్దులూ రెండు అంతర్జాతీయ ఒప్పందాల్లో ఉన్నాయి. 1961 నాటి వియన్నా ఒప్పందం దౌత్య సంబంధాల గురించి, 1963 నాటి వియన్నా ఒప్పందం కాన్సులర్ సంబంధాల గురించి. మొదటిదానికి మన పార్లమెంటు 1972లో ఒక చట్టం ద్వారా దేశంలో చట్టబద్ధత ఇచ్చింది.

1961 ఒప్పందం మూడో అధికరణం ఎంబసీకి అయిదు పనులు చెప్పింది. తన దేశానికి ప్రతినిధిగా ఉండడం, తన దేశ ప్రయోజనాలనూ పౌరుల ప్రయోజనాలనూ కాపాడడం, ఆతిథ్య ప్రభుత్వంతో సంప్రదింపులు జరపడం, అక్కడి పరిస్థితులను న్యాయమైన మార్గాల్లో తెలుసుకుని స్వదేశానికి నివేదించడం, రెండు దేశాల స్నేహాన్నీ వాణిజ్య, సాంస్కృతిక సంబంధాలనూ పెంచడం. ఇందులో రెండోదే మన అర్జీదారుకు కావలసింది. అయితే "అంతర్జాతీయ చట్టం అనుమతించిన పరిధిలో" అనే షరతు ఆ వాక్యంలోనే ఉంది. అదే ఒప్పందం నలభై ఒకటో అధికరణం ఆ పరిధిని గీసింది: దౌత్య ఉద్యోగులు ఆతిథ్య దేశ చట్టాలను గౌరవించాలి, దాని అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదు.

మన ఊరి లెక్కలో చెప్పాలంటే, పిల్లనిచ్చిన ఇంటికి వెళ్లిన పుట్టింటి పెద్దమనిషి పరిస్థితి ఇది. ఆయనకు కుర్చీ వేస్తారు, మర్యాద చేస్తారు, మాట వింటారు. అమ్మాయి ఎలా ఉందని అడిగే హక్కు ఆయనకుంది, కష్టం ఉంటే వియ్యంకుడి దగ్గర నిలదీయవచ్చు. కానీ ఆ ఇంటి తాళంచెవులు ఆయన చేతిలో ఉండవు. అందులోనూ ఆ ఇంట్లో మన పిల్లలు ఇంకా చాలామంది ఉన్నప్పుడు, మాట తూలడానికి పెద్దమనిషి వందసార్లు ఆలోచిస్తాడు.

ప్రహరీ లోపలి నేల ఎవరిది?

ఎంబసీ ఆవరణ స్వదేశపు భూభాగమేనన్న నమ్మకం చదువుకున్నవారిలో కూడా బలంగా ఉంది. అది నిజం కాదు. దయ్యాలోని మన ఎంబసీ నిలిచిన నేల కువైట్ నేలే. 1961 ఒప్పందం ఇరవై రెండో అధికరణం చెప్పింది వేరు: ఎంబసీ అధిపతి సమ్మతి లేకుండా ఆతిథ్య దేశపు పోలీసులుగానీ అధికారులుగానీ ఆ ఆవరణలోకి అడుగుపెట్టకూడదు. నేల వారిది, ప్రవేశాన్ని అడ్డుకునే హక్కు మనది.

ఈ తేడా మాటల గారడీలా తోచవచ్చు గానీ దాని ఫలితం పెద్దది. ప్రభుత్వ రహస్య పత్రాలు బయటపెట్టిన వికీలీక్స్ వెబ్‌సైట్ స్థాపకుడు జూలియన్ అసాంజ్ 2012లో లండన్‌లోని ఈక్వడార్ ఎంబసీలో తలదాచుకుని దాదాపు ఏడేళ్లు అక్కడే ఉండిపోయాడు. బ్రిటన్ పోలీసులు వీధిలో కాపలా కాశారే తప్ప లోపలికి వెళ్లలేదు. అది నిజంగా ఈక్వడార్ భూమే అయితే అతడు ఈక్వడార్‌కు చేరినట్టే, ఇక చింత ఉండకూడదు; కానీ గుమ్మం దాటితే అరెస్టు ఖాయం కాబట్టి ఆ గదుల్లోనే బందీ అయ్యాడు. 2019 ఏప్రిల్‌లో ఈక్వడార్ తన ఆశ్రయాన్ని ఉపసంహరించుకుని పోలీసులను లోపలికి ఆహ్వానించిన రోజునే అతణ్ని పట్టుకోగలిగారు.

దూతకు హాని చేయరాదన్నది మనకు కొత్త కట్టుబాటు కాదు. హనుమంతుణ్ని చంపమన్న రావణుడికి విభీషణుడు చెప్పిన ధర్మం అదే. రాయబారానికి వచ్చిన కృష్ణుణ్ని కట్టేయబోయిన దుర్యోధనుణ్ని మన నాటకాల ప్రేక్షకులు ఈనాటికీ క్షమించలేదు. కాకపోతే, ప్రాణం మీదికి వస్తే విశ్వరూపం చూపించే వెసులుబాటు ఈ కాలపు రాయబారికి లేదు. 1979 నవంబరులో తెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీ ఆక్రమణకు గురైనప్పుడు 52 మంది 444 రోజులు బందీలుగా ఉండవలసి వచ్చింది.

ఇల్లు వదిలి ఎంబసీకి చేరిన మనిషికి ఏం జరుగుతుంది

ఇప్పుడు అర్జీలోని మహిళ దగ్గరకు వద్దాం. ఆమె ఏదో ఒక రోజు ఆ ఇంటి నుంచి బయటపడి టాక్సీ పట్టుకుని ఎంబసీకి చేరిందనుకుందాం. అక్కడ ఇల్లు వదిలివచ్చిన మహిళలు తలదాచుకునే వసతి ఉంది. తిండికీ నీడకూ భరోసా దొరికినా, విమానం ఎక్కే దారి మాత్రం ఇంకా తెరుచుకోదు.

గల్ఫ్ దేశాల్లో పనిచేసేవారి నివాస అనుమతి, మనవాళ్లు అకామా అనేది, ఒక యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. ఆ యజమానే కఫీల్. ఇంటిపని వారిది 20వ నంబరు వీసా, దాన్నే ఖాదిమ్ వీసా అంటారు. కంపెనీ పనివారిది 18వ నంబరు వీసా. కార్మికురాలు చెప్పకుండా ఇల్లు వదిలితే కఫీల్ ఆమె పరారైందని అక్కడి అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదు నమోదైన నిమిషం నుంచి, బాధితురాలిగా వచ్చిన మనిషి కాగితాల మీద నేరస్థురాలవుతుంది. బంగారం పోయిందని దొంగతనం కేసు కూడా పెడితే అది తేలేదాకా దేశం విడిచి వెళ్లడానికి వీల్లేదు. ఆ కేసును ఎంబసీ కొట్టేయలేదు; కొట్టేయవలసింది కువైట్ పోలీసులు, కోర్టులు. ఎంబసీ చేయగలిగింది ఆమె మాట విని రాసుకోవడం, కఫీల్‌కు ఫోను చేయడం, ఇంటి పనివారి వ్యవహారాలు చూసే కువైట్ ప్రభుత్వ విభాగానికి ఆమెను తీసుకువెళ్లి ఫిర్యాదు చేయించడం, దుబాసీని, అవసరమైతే వకీలును సమకూర్చడం.

అక్కడి చట్టం ఆమెకు పూర్తిగా ఎదురుగా ఏమీ లేదు. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారి కోసమే వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని, సమ్మతి లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలని అందులో ఉంది. 2021 జూన్‌లో ఇంటి పనివారి విషయమై భారత్, కువైట్ ఒక అవగాహన ఒప్పందం కూడా చేసుకున్నాయి. చిక్కు అమలు దగ్గర వస్తుంది: నాలుగు గోడల మధ్య ఎన్ని గంటలు పనిచేయించారో సాక్ష్యం చెప్పేవారుండరు.

ఇక్కడే ఒక లెక్క వేసి చూడాలి. ఆమె జీతం నెలకు 100 దినార్లు అనుకుందాం. ఆరు నెలల బకాయి 600 దినార్లు, రెండేళ్ల పనికి ముగింపు సొమ్ము 200 దినార్లు, మొత్తం 800. దినారుకు 270 రూపాయల చొప్పున లెక్కిస్తే 2,16,000 రూపాయలు. కఫీల్ ఎంబసీ అధికారితో ఇలా అంటాడు: "పనివాళ్లను తెప్పించే ఆఫీసుకు వెయ్యి దినార్లు కట్టి తెచ్చుకున్నాను. పరారీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను, పాస్‌పోర్టు ఇస్తాను, కావాలంటే టికెట్టు కూడా కొంటాను. జీతం మాట ఎత్తవద్దు." ఒప్పుకుంటే ఆమె కొద్ది రోజుల్లో బిడ్డల దగ్గర ఉంటుంది. ఒప్పుకోకపోతే కేసు వేయాలి, వాయిదాలకు తిరగాలి, అన్నాళ్లూ ఆ వసతి గదిలోనే, సంపాదన లేకుండా గడపాలి. ఎంబసీ మీద మన ప్రాంతంలో వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ మలుపు దగ్గర పుట్టేవే. "రాజీ చేసి చేతులు దులుపుకున్నారు" అని ఇంటివారు అంటారు. అధికారి దృష్టిలో అది ఒక మనిషిని ఇంటికి చేర్చిన రోజు. రెండు మాటలూ నిజమే కావడం ఈ వ్యవహారంలోని అసలు ఇబ్బంది.

కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వకపోతే ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దీన్నే. అది భారత్‌కు ఒకసారి రావడానికి మాత్రమే పనికొస్తుంది. అది చేతికొచ్చినా, వేలిముద్రలు చూసి కేసులేమీ లేవని కువైట్ అధికారులు వదిలితేనే ప్రయాణం. 2018, 2020, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అకామా లేనివారు అంతమంది ఒక్కసారిగా ఎంబసీ ముందు బారులు తీరడానికి కారణం ఇదే: మామూలు రోజుల్లో మూసి ఉండే తలుపును అప్పుడు కువైట్ తానే తెరిచింది.

టికెట్టు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు భారతీయ సమాజ సంక్షేమ నిధి. 2009లో ఏర్పడి, 2017లో నిబంధనలు సడలించిన ఈ నిధి నుంచి ఆపదలో ఉన్నవారి వసతి, వైద్యం, న్యాయ సహాయం, విమాన ఖర్చు, మృతదేహం తరలింపు వంటివి చెల్లిస్తారు. పాస్‌పోర్టు వంటి సేవల కోసం అక్కడి భారతీయులు కట్టే రుసుముతో పాటు వసూలు చేసే కొద్దిపాటి మొత్తంతోనే ప్రధానంగా ఈ నిధి నిండుతుంది. అంటే ఒక కూలీ ఆపదను ప్రధానంగా తీర్చేది సాటి కూలీల చిల్లరే. దీన్ని దయగా భావించి మొహమాటపడేవారికి ఈ సంగతి తెలియడం మంచిది.

2018లో ఒక ఎంబసీ గడప దాటి వెళ్లినప్పుడు

ఎంబసీవాళ్లు వాహనం వేసుకుని వెళ్లి ఆ ఇంటి నుంచి మనిషిని తెచ్చేస్తే ఏమవుతుంది? దీనికి ఊహ అక్కర్లేదు, కువైట్‌లోనే జరిగింది. 2018 ఫిబ్రవరిలో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి మృతదేహం ఖాళీగా ఉన్న ఇంట్లోని ఫ్రీజర్‌లో దొరికింది. ఆ దేశం కొత్తగా కార్మికులను కువైట్‌కు పంపడం ఆపేసింది. ఏప్రిల్‌లో ఆ దేశపు ఎంబసీ సిబ్బంది సహాయం కోరిన పనివారిని ఇళ్ల నుంచి వాహనాల్లో ఎక్కించుకు వెళ్తున్న వీడియోలు బయటకు వచ్చాయి. కువైట్ దీన్ని తన సార్వభౌమాధికారం మీద దాడిగా చూసింది. ఫిలిప్పీన్స్ రాయబారిని వెళ్లిపొమ్మంది, మనీలాలోని తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది.

కథ అక్కడితో ముగియలేదు. మే నెలలో రెండు దేశాలూ ఇంటి పనివారి రక్షణపై ఒప్పందం చేసుకున్నాయి, నిషేధం తొలగింది. దీన్ని చూపి ఒక వర్గం "గట్టిగా నిలబడితేనే ఒప్పందం వచ్చింది, మనవాళ్లు మెతక" అంటుంది. మరో వర్గం, ఆ కొద్దిమందిని తెచ్చిన పద్ధతి వల్ల అక్కడున్న లక్షలమంది భవితవ్యం కొన్ని వారాలు గాలిలో దీపమైందని గుర్తుచేస్తుంది. ఫలితాన్ని తెచ్చింది కార్మికులను పంపడం ఆపిన ప్రభుత్వ నిర్ణయమే తప్ప ఎంబసీ వాహనాలు కావని నాకు అనిపిస్తుంది; అటువంటి నిర్ణయం తీసుకోవలసింది రాజధానిలోని ప్రభుత్వం, రాయబారి కాదు.

శవపేటిక వెంట నడిచే కాగితాలు

మన జిల్లాల నుంచి గల్ఫ్ ఎంబసీలకు వెళ్లే విన్నపాల్లో మనసును ఎక్కువగా కలచేవి మృతదేహాల కోసం రాసినవి. ఆలస్యం దేనికని కుటుంబం అడగడం సహజం. ముందుగా అక్కడి ఆసుపత్రి, పోలీసులు మరణానికి కారణం తేల్చి పత్రం ఇవ్వాలి; సహజ మరణం కాకపోతే దర్యాప్తు అధికారి వదిలేదాకా దేహం కదలదు. తర్వాత కఫీల్ బకాయిలు, కాగితాలు సరిచేయాలి. దేహాన్ని పంపాలా, అక్కడే ఖననం చేయాలా అన్నదానిపై చట్టబద్ధ వారసుల రాతపూర్వక సమ్మతి కావాలి. భార్య, తల్లిదండ్రుల మధ్య మాట కుదరక ఆ ఒక్క కాగితం దగ్గరే రోజులు గడిచిపోయే సందర్భాలు లేకపోలేదు. ఇవన్నీ అందాక ఎంబసీ మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, అభ్యంతరం లేదని పత్రం ఇస్తుంది. చెన్నైకో బెంగళూరుకో హైదరాబాదుకో విమానంలో వచ్చిన పేటిక మీద ఆ పత్రాల కట్ట అంటించి ఉంటుంది.

పెద్ద ప్రమాదమైతే ఇదే యంత్రాంగం వేరే వేగంతో కదులుతుంది. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయినప్పుడు, ఢిల్లీ నుంచి సహాయమంత్రి వెళ్లారు, గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్‌ఏ పరీక్షలు చేయించారు, రెండు రోజుల్లో వాయుసేన విమానం 45 దేహాలతో కొచ్చిలో దిగింది. ఒంటరిగా చనిపోయిన మనిషికి ఆ వేగం ఎందుకు దొరకదన్న ప్రశ్న న్యాయమైనదే. నియమాలు రెండు చోట్లా అవే. తేడా వాటి వెనక ఎంత ఒత్తిడి ఉందన్నదే.

జైలు గోడ దాకా చట్టం, ఆ తర్వాత దౌత్యం

పరదేశంలో అరెస్టయిన వ్యక్తికి 1963 ఒప్పందం ముప్పై ఆరో అధికరణం ఒక హక్కు ఇచ్చింది. తన దేశపు కార్యాలయానికి తెలపమని అతడు కోరితే అధికారులు ఆలస్యం చేయకుండా తెలపాలి. కాన్సులర్ అధికారి జైలుకు వెళ్లి అతడితో మాట్లాడవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు. పాకిస్థాన్ జైల్లో ఉన్న భారతీయుడు కుల్‌భూషణ్ జాదవ్ విషయంలో ఆ దేశం ఈ హక్కును ఉల్లంఘించిందని అంతర్జాతీయ న్యాయస్థానం 2019 జూలై 17న తీర్పు చెప్పింది. కానీ అదే తీర్పు అతణ్ని విడుదల చేయమని చెప్పలేదు, శిక్షను సమీక్షించమంది. కలిసే హక్కు వేరు, విడిపించే హక్కు వేరు.

చట్టం ఆగిన చోట దౌత్యం మొదలవుతుంది. 2023 అక్టోబరులో ఖతార్ కోర్టు ఎనిమిది మంది మాజీ భారత నౌకాదళ ఉద్యోగులకు మరణశిక్ష వేసింది. డిసెంబరులో అది జైలుశిక్షగా తగ్గింది, 2024 ఫిబ్రవరిలో వారు విడుదలయ్యారు. ఆ మధ్యలో జరిగింది కోర్టు అప్పీలు ఒక్కటే కాదు, దేశాధినేతల స్థాయి మాటలు కూడా. దీనికి పూర్తిగా ఎదురు చిత్రం యెమెన్‌లో కనిపిస్తుంది. మరణశిక్ష పడిన కేరళ నర్సు ఉన్న సనా నగరం హూతీ తిరుగుబాటుదారుల అధీనంలో ఉంది. అక్కడ మనకు ఎంబసీ నడవడం లేదు, యెమెన్ వ్యవహారాలను రియాద్ నుంచి చూడవలసి వస్తోంది. 2025 జూలై 16న అమలు కావలసిన శిక్ష వాయిదా పడినా, మాట్లాడడానికి గుర్తింపు పొందిన ప్రభుత్వమే ఎదుట లేనప్పుడు ఎంబసీ అనే ఏర్పాటు ఎంత బలహీనమో ఆ కేసు చూపింది.

దౌత్యాధికారిని అరెస్టు చేయకూడదా?

ఇది పక్కదారే గానీ తరచు అడిగే ప్రశ్న. ఎంబసీలో దౌత్య హోదా ఉన్న అధికారిని ఆతిథ్య దేశం అరెస్టు చేయకూడదు. ఇష్టం లేకపోతే "అవాంఛిత వ్యక్తి" అని ప్రకటించి పంపేయవచ్చు. కాన్సులేట్ అధికారికి రక్షణ అంతకంటే తక్కువ, ప్రధానంగా అధికారిక పనుల వరకే. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లోని మన డిప్యూటీ కాన్సుల్ జనరల్‌ను అమెరికా అరెస్టు చేయగలిగింది ఈ తేడా వల్లనే. ఆమెను ఐక్యరాజ్యసమితిలోని మన కార్యాలయానికి మార్చి పూర్తి రక్షణ వచ్చాకే 2014 జనవరిలో దేశం దాటించారు. ఆ కేసు ఇంటి పనిమనిషి జీతం గురించినది కావడం, కడప నుంచి చూసేవారికి చిన్న విషయంగా అనిపించదు.

ఒకే బల్ల మీద చమురు, ఆక్సిజన్, పనిమనిషి జీతం

ఎంబసీలో సంక్షేమ విభాగం ఒక గది మాత్రమే. పక్క గదుల్లో రాజకీయ నివేదికలు రాసేవారు, వాణిజ్యం చూసేవారు, రక్షణ వ్యవహారాల అధికారి ఉంటారు. కువైట్ మనకు ముడిచమురు అమ్మే దేశం. 2021లో కరోనా రెండో దెబ్బకు మన ఆసుపత్రుల్లో ఊపిరి అందనప్పుడు, మన నౌకాదళపు ఓడలు కువైట్ నుంచి ఆక్సిజన్ తెచ్చాయి. అటువంటి సహాయం అడిగేటప్పుడు మాట్లాడేదీ, జీతం ఎగ్గొట్టిన కఫీల్ మీద ఫిర్యాదు చేసేదీ ఒకే రాయబారి, ఒకే ప్రభుత్వంతో.

విమర్శకులు ఈ స్థితినే వేలెత్తి చూపుతారు: పెద్ద ప్రయోజనాల కోసం చిన్న మనుషుల గొంతు తగ్గించేస్తారని, ఫోను ఎత్తేవారు తక్కువని, తెలుగు తెలిసినవారు దొరకక గోడు సగమే చేరుతుందని. కార్యాలయాల వైపు నుంచి వచ్చే సమాధానం, మంచి సంబంధం ఉంటేనే స్థానిక అధికారి ఒక్క ఫోనుకు పరారీ ఫిర్యాదు మీద కదులుతాడని. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు బాగ్దాద్‌తో మనకున్న సంబంధమే లక్షా డెబ్బై వేల మందికి పైగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఇంటికి చేరడానికి దారి ఇచ్చిందని వారు గుర్తుచేస్తారు. ఆ వాదనలో బలం ఉంది. కానీ మంచి సంబంధం వల్ల లాభపడే మనిషి ఎవరో, దాని కోసం ఓర్చుకోవలసి వచ్చే మనిషి ఎవరో ఒకరే కాకపోవచ్చు.

మూడో మాట ఒకటుంది, అది మన ఊళ్ల వైపే తిరుగుతుంది. 1983 వలసల చట్టం ప్రకారం, పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టుకు గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం ఉంది. అలా వెళ్లినవారి పని ఒప్పందం, కఫీల్ వివరాలు ముందే నమోదై ఉంటాయి. ఏజెంటు విజిట్ వీసా మీదో, దుబాయ్ మీదుగా దొడ్డిదారినో పంపిన మనిషి విషయంలో ఎంబసీ దగ్గర ఒక్క కాగితం కూడా ఉండదు. ఏ ఇంట్లో ఉందో చెప్పే నాథుడుండడు. అయితే ఇంత కట్టుదిట్టమే దొడ్డిదారికి గిరాకీ పెంచిందని వాదించేవారూ ఉన్నారు; 28 ఏళ్ల వితంతువుకు చట్టం దారి మూస్తే ఏజెంటు దారి తెరుస్తాడని వారు అంటారు.

మరి ఢిల్లీలోని కువైట్ ఎంబసీ దేనికి?

అర్జీ మీద మొదట రాసిన విలాసానికి కూడా మనవాళ్లతో పని పడుతుంది, వేరే సందర్భంలో. కడపలో నర్సింగ్ చదివిన అమ్మాయికి కువైట్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందనుకుందాం. ఆమె సర్టిఫికెట్ నిజమైనదని కువైట్‌కు నమ్మకం కలగాలి. సౌదీ, ఒమన్ వంటి దేశాలు అపోస్టిల్ అనే అంతర్జాతీయ ఏర్పాటులో చేరాయి కాబట్టి మన విదేశాంగ శాఖ ముద్రతోనే పని ముగుస్తుంది. కువైట్ అందులో లేదు. అందుకే సర్టిఫికెట్ ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర వేయించుకుని, చివరికి ఢిల్లీలోని కువైట్ ఎంబసీలో ధ్రువీకరణ పొందాలి. వీసా స్టాంపింగ్ కూడా అక్కడి పనే. కువైట్‌లోకి వెళ్లే ఇలాంటి కాగితాలకు ఆ గుమ్మంతో పని పడుతుంది. కువైట్ నుంచి మనిషిని రప్పించే కాగితాలకు ఆ గుమ్మంతో పని లేదు.

చెట్టు కింద ఆ అర్జీని కొట్టేసి కొత్త కాగితం తీసుకున్నారు. విలాసం మారింది. "విడిపించి" అన్న చోట "ఆచూకీ కనుక్కుని, జీతం బకాయి ఇప్పించి, స్వదేశం పంపే ఏర్పాటు చేయవలసిందిగా" అని రాశారు. పాస్‌పోర్టు నంబరు, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) నంబరు, కఫీల్ పేరు, ఫోను నంబరు రాయడానికి నాలుగు గీతలు గీసి ఖాళీ వదిలారు. పాస్‌పోర్టు నంబరు జిరాక్సు కాపీలో దొరికింది. కఫీల్ పేరు ఆయనకు తెలియదు. "బాబా" అనే పిలుస్తుందట.